మెదడులోని ఏవీఎంకు కిరణ చికిత్స: ఒక చారిత్రక పరిశీలన

మెదడులో ధమనులు కేశనాళికలు లేకుండానే నేరుగా సిరల్లో కలిసి, చిక్కుముడిలా అల్లుకోవడాన్ని వైద్యులు ఏవీఎం అంటారు. ధమనుల ఒత్తిడికి ఆ నాళాలు చిట్లవచ్చు. ఏటా సుమారు 2 నుంచి 4 శాతం మందిలో రక్తస్రావం జరుగుతుంది. పుర్రె తెరవకుండా కిరణాలతో ఈ ముడిని మూసే పద్ధతి రేడియోసర్జరీ.

దీనికి పునాది 1927లో పడింది. ఆ ఏడాది లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ మెదడు రక్తనాళాలను ఎక్స్‌రేలో చూపే యాంజియోగ్రఫీని ప్రవేశపెట్టాడు. 1951లో స్వీడన్ న్యూరోసర్జన్ లార్స్ లెక్సెల్ పలు దిక్కుల నుంచి సన్నని కిరణాలను ఒకే బిందువుపై కలపవచ్చని ప్రతిపాదించాడు. దారిలోని కణజాలానికి ఒక్కో కిరణం కొద్దిగానే తగులుతుంది. అన్నీ కలిసే చోట మాత్రం మోతాదు బాగా పెరుగుతుంది. బోస్టన్‌లో రేమండ్ కెల్‌బర్గ్ 1965లో ప్రోటాన్లతో ఏవీఎం చికిత్స మొదలుపెట్టాడు. 1968లో లెక్సెల్ 179 కోబాల్ట్-60 మూలాలతో గామా నైఫ్ అనే యంత్రాన్ని సిద్ధం చేశాడు. స్టాక్‌హోమ్‌లో 1970లో లాడిస్లావ్ స్టైనర్ బృందం దాన్ని ఏవీఎంపై ప్రయోగించింది.

కిరణాలు నాళాల లోపొరను దెబ్బతీస్తాయి. ఆపై గోడలు మందమవుతూ దారి మూసుకుపోతుంది. ఇందుకు రెండు మూడేళ్లు పడుతుంది. అప్పటిదాకా రక్తస్రావం ముప్పు తొలగదు. 3 సెంటీమీటర్ల లోపు ముడుల్లో 70 నుంచి 80 శాతం దాకా మూసుకుపోతాయి. ముడి పెద్దదైతే చుట్టూ ఉన్న మెదడును కాపాడటానికి మోతాదు తగ్గించాలి, దాంతో ఫలితమూ తగ్గుతుంది.

1980లలో లీనియర్ యాక్సిలరేటర్లు రావడంతో కోబాల్ట్ లేకుండానే ఈ చికిత్స సాధ్యమైంది. సీటీ, ఎంఆర్ఐ ముడి హద్దులను మరింత స్పష్టం చేశాయి. భారత్‌లో గామా నైఫ్ 1997లో ముంబై హిందూజా ఆసుపత్రికి, ఢిల్లీ ఎయిమ్స్‌కు వచ్చింది. తలకు చట్రం బిగించనవసరం లేని సైబర్‌నైఫ్ 2009లో చెన్నై అపోలోలో మొదలైంది.

యంత్రాలు మారినా నిరీక్షణ తగ్గలేదు. చిట్లని ఏవీఎంలపై జరిగిన అరూబా అనే వైద్య పరీక్ష ఫలితాలు 2014లో వెలువడ్డాయి. సగటున 33 నెలల పరిశీలనలో, ఏ జోక్యమూ లేకుండా మందులతో నెట్టుకొచ్చినవారే మెరుగ్గా ఉన్నారు. కిరణాలు పనిచేయడానికే రెండు మూడేళ్లు పడుతున్నప్పుడు ఆ గడువు చాలదన్నది విమర్శకుల వాదన. అందుకే ముడి పరిమాణం, స్థానం, రోగి వయసు, గతంలో రక్తస్రావం జరిగిందా లేదా అన్నవి చూసి చికిత్సపై నిర్ణయిస్తారు.

అమలాపురం, రాజోలు, కొత్తపేట వంటి ఊళ్ల నుంచి పెద్ద నగరానికి వెళ్లే రోగికి కిరణాలు ఇవ్వడం సాధారణంగా ఒక్క రోజు పని. ఆ తర్వాత మాత్రం ఏళ్ల తరబడి ఎంఆర్ఐ పరీక్షలు, చివర యాంజియోగ్రఫీ తప్పవు. ముడి పూర్తిగా మూసుకుందని తేల్చేది ఆ యాంజియోగ్రఫీయే.