ఆకుపచ్చ అద్దం, ఎర్ర చెలక

దీర్ఘ ఎక్స్‌పోజరు కోసం వెల్డింగ్ అద్దాన్ని లెన్సుకు రబ్బరు బ్యాండ్లతో బిగించి తీసిన ఫోటో ఆకుపచ్చగా ఎందుకు వస్తుందని అడిగితే వినిపించే జవాబు ఒకటే: చవక సరుకు, కంప్యూటర్‌లో స్లైడర్ జరిపితే సరిపోతుంది. ఆ జవాబు చరిత్ర ముందూ నిలవదు, పని ముందూ నిలవదు.

సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ నాటి గాజు పలకల మీద రంగే లేదు కనుక ఈ తగువూ లేదు. కలర్ ఫిల్ము వచ్చాక మొదలైంది. ఎక్స్‌పోజరు సెకను దాటితే ఫిల్ములోని మూడు పొరలూ ఒకే తీరుగా స్పందించవు. మామూలు లెన్సుతోనే రంగు ఒరిగేది. అందుకని లెన్సు ముందే రంగు జిలాటిన్ ఫిల్టర్లు పెట్టి సరిచేసేవారు. డిజిటల్ కాలంలో మనం వదులుకున్నది ఆ ముందుచూపే.

సూర్యుణ్ణి చూడటానికి 14వ నంబరు వెల్డింగ్ అద్దం కావాలి. దీర్ఘ ఎక్స్‌పోజరు ఫోటోలకు కెమెరా ముందు 10 చాలు. అదే సుమారు 13 స్టాపుల వెలుగు తగ్గిస్తుంది: 1/60 సెకను కాస్తా రెండు నిమిషాలు దాటుతుంది. కంటిని కాపాడటానికి ఈ గాజు పరారుణ కిరణాలను ఆపుతుంది, ఎరుపునూ చాలావరకు మింగేస్తుంది. ఆ మొదటి గుణాన్ని చవక అని తీసిపారేసేవారు గమనించరు. వెలుగు తగ్గించే కొన్ని ఎన్‌డి (న్యూట్రల్ డెన్సిటీ) ఫిల్టర్లు పరారుణాన్ని వదిలేస్తాయి. వాటితో నలుపు గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ దోషం ఈ అద్దానికి లేదు.

అసలు చిక్కు ఎరుపుది. హిస్టోగ్రామ్‌లో ఆకుపచ్చ కుడివైపుకు చేరేసరికి ఎరుపు ఇంకా ఎడమ గోడకే అతుక్కుని ఉంటుంది. అద్దం బిగించి, ఎండలో తెల్లగుడ్డ మీద వైట్ బ్యాలెన్స్ పట్టి, రా ఫైలులో తీస్తే కొంత దక్కుతుంది. లైట్‌రూమ్‌లో టింట్ స్లైడర్ 150 దగ్గర ఆగిపోతుంది. అక్కడా చాలకపోతే ప్రత్యేక ప్రొఫైల్ తయారుచేసుకోవాలి. అయినా సెన్సరుకు అందని ఎరుపును పెంచితే పెరిగేది నాయిజే.

ఇప్పుడు చాలామంది అలాంటి ఫోటోను నలుపు తెలుపులోకి మార్చి, అదే తమ శైలి అంటున్నారు. జూరాల గేట్ల దగ్గరి నీటికి అది నప్పవచ్చు. వాన పడిన పాలమూరు ఎర్ర చెలకకు మాత్రం అన్యాయమే. అక్కడ వెల్డింగ్ అద్దం పక్కనపెట్టి మంచి ఎన్‌డి ఫిల్టరు అరువైనా తెచ్చుకోవాలి.