టాస్మేనియా అడవి నుంచి మా డాబా మీద పుదీనా దాకా

ఈ ఎపిసోడ్‌ని ఒక ఎండిపోయిన పుదీనా కుండీతో మొదలుపెడుతున్నాను.

నేను ఉండేది మూడో అంతస్తులో, అద్దె గదిలో. పోయిన ఎండాకాలం డాబా మీద ఆ చివర, వాటర్ ట్యాంక్ వెనకాల పుదీనా, కొత్తిమీర వేశాను. మొదటి వారం రోజూ నీళ్ళు పోశాను. రెండో వారం రెండ్రోజులకోసారి. మూడో వారానికి అంతా గడ్డి. నాకు మొక్కలు అచ్చిరావులే అనుకుని వదిలేశాను.

తర్వాత పర్మాకల్చర్ గురించి చదువుతుంటే నా తప్పు ఎక్కడుందో తెలిసింది. రోజూ చెయ్యి పడాల్సిన మొక్కని, నేను రోజూ అడుగుపెట్టని చోట పెట్టాను. అంతే. ఇంత చిన్న మాట ఎవరు చెప్పారు, ఎక్కడ చెప్పారు అని వెతుక్కుంటూ వెళ్తే కథ ఆస్ట్రేలియా కింద ఉన్న టాస్మేనియా దీవి దాకా పోయింది.

అక్కడ బిల్ మాలిసన్ అని ఒకాయన. 1928లో పుట్టారు. 15 ఏళ్ళకే బడి మానేసి ఇంటి బేకరీ చూసుకున్నారు. చేపలు పట్టారు, అడవుల్లో పని చేశారు, తర్వాత ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థలో అడవి జంతువుల సర్వే చేశారు. ఆ అడవిలో ఆయన్ని పట్టుకున్న విషయం ఏంటంటే, అక్కడ ఎవరూ దున్నరు, ఎరువు వేయరు, మందు కొట్టరు. అయినా ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. ఒకదాని చెత్త ఇంకొకదానికి తిండి. మరి మనిషి తిండి పండించే చోటు కూడా ఇలా ఎందుకు ఉండకూడదు?

1974లో హోబార్ట్ ఊళ్ళో ఆయనకి డేవిడ్ హోంగ్రెన్ పరిచయమయ్యాడు. అప్పటికి మాలిసన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్తున్నారు. హోంగ్రెన్ వయసు 19, వేరే కాలేజీలో పర్యావరణ డిజైన్ చదువుతున్నాడు. కాలం కూడా గుర్తుపెట్టుకోండి. 1972లో కరెంటు కోసం టాస్మేనియాలో లేక్ పెడ్డర్ అనే అందమైన సరస్సుని ముంచేశారు, జనం ఎంత పోరాడినా ఆగలేదు. 1973లో చమురు సంక్షోభం వచ్చింది. డీజిల్ మీద, రసాయనాల మీద నడిచే వ్యవసాయం ఎన్నాళ్ళు నడుస్తుందని ప్రపంచమంతా భయపడుతున్న రోజులవి. కుర్రాళ్ళు రోడ్డెక్కి వద్దు వద్దు అంటున్నారు. ఈ ఇద్దరూ మాత్రం, వద్దు సరే, మరి ఏది కావాలో గీసి చూపిద్దాం అని కూర్చున్నారు. హోంగ్రెన్ రాసిన ప్రాజెక్టు పెరిగి పెద్దదై, 1978లో ఇద్దరి పేరు మీద 'పర్మాకల్చర్ వన్' అనే పుస్తకంగా వచ్చింది. శాశ్వత వ్యవసాయం అనే అర్థంలో పుట్టిన మాట, తర్వాత శాశ్వత సంస్కృతిగా పెరిగింది.

వాళ్ళ పద్ధతిలో నాకు బాగా పనికొచ్చింది జోన్లు. మీ ఫోన్‌లో చూడండి. రోజుకి పదిసార్లు తెరిచే యాప్ హోమ్ స్క్రీన్ మీద ఉంటుంది, ఏడాదికోసారి తెరిచేది ఎక్కడో మూలన. స్థలానికీ అదే లెక్క. ఇల్లు జోన్ సున్నా. ఆకుకూరలు గుమ్మం పక్కన, పండ్ల చెట్లు కొంచెం దూరం, పెద్ద పంట ఇంకా దూరం, చివరికి మనం ముట్టుకోకుండా వదిలేసే అడవి జోన్ ఐదు. దీనితో పాటు మూడు నీతులు: నేలని చూసుకో, మనుషుల్ని చూసుకో, మిగిలింది పంచు.

మాలిసన్ దీన్ని 72 గంటల కోర్సుగా మార్చి దేశదేశాలు తిరిగారు. 1981లో ఆయనకి రైట్ లైవ్‌లీహుడ్ అవార్డు వచ్చింది. 1987లో మన దేశానికి వచ్చి కోర్సు నేర్పారు. ఆ విత్తనం పడిన నేల మన జహీరాబాద్. అక్కడ పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అప్పటికే పేద దళిత మహిళల సంఘాలతో పని చేస్తోంది. వాళ్ళతో పని చేసిన కొప్పుల నర్సన్న గారు, పద్మ గారు 1999లో అరణ్య అనే సంస్థ పెట్టారు. 2017 నవంబర్‌లో అంతర్జాతీయ పర్మాకల్చర్ సదస్సు హైదరాబాద్‌లోనే జరిగింది. ఇదీ చరిత్ర.

ఇప్పుడు అసలు చిక్కు. జహీరాబాద్ ఆడవాళ్ళకి మిశ్రమ పంట ఎవరు నేర్పాలి? జొన్నల మధ్య కంది, దాని పక్కన అనుములు, పెసలు, ఇంకో నాలుగు రకాలు. వాన మోసం చేసినా ఏదో ఒకటి ఇంటికొస్తుంది, పప్పుజాతి పంట నేలకి బలమిస్తుంది. టాస్మేనియాలో పుస్తకం రాకముందే ఇది వాళ్ళ చేతుల్లో ఉంది. కాకపోతే వాళ్ళని ఎవరూ డిజైనర్లు అనలేదు.

ఇక్కడ మనవాళ్ళు రెండు పార్టీలైపోతారు. ఒకరు ఇదంతా ఫారిన్ ఫ్యాషన్ అంటారు. ఇంకొకరు మన తాతలకి తెలియనిదేముంది, కొత్తగా నేర్చుకునేదేం లేదు అంటారు. నేను చాలా రోజులు రెండో పార్టీలో ఉన్నాను. మా అమ్మమ్మ ఇంట్లో కరివేపాకు వంటింటి గుమ్మం పక్కనే ఉండేది. గిన్నెలు తోమిన నీళ్ళు అరటి పాదులోకి పోయేవి. చింతచెట్టు దొడ్డి చివర. అచ్చం జోన్లే కదా! అందుకే గర్వంగా చెప్పుకునేవాణ్ణి.

కానీ ఆ దొడ్డి ఇప్పుడు లేదు, ప్లాట్లు అయిపోయింది. అమ్మమ్మ కూడా లేదు. అరటి అక్కడే ఎందుకు పెట్టావని ఆమెని ఒక్కసారైనా అడగలేదు. అంత తెలిసిన ఆమె మనవడు పుదీనాని ట్యాంక్ వెనక పెట్టి చంపాడు. తాతలకి తెలిసినంత మాత్రాన మనకి తెలిసినట్టు కాదు. అడగనిది పోతుంది. మాలిసన్, హోంగ్రెన్‌ల గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. చూసి, అలవాటుగా చేసే పనికి వెనకున్న కారణాన్ని వాళ్ళు మాటల్లో పెట్టారు. కారణం తెలిస్తే దాన్ని అద్దె గదికి కూడా మోసుకుపోవచ్చు.

కారణం వదిలేసి బొమ్మని మాత్రం కాపీ కొడితే నష్టం. వీడియోలో వాలు నేల మీద నీళ్ళు ఆపే కందకాలు చూసి, నీళ్ళు నిలిచే నల్లరేగడిలో తవ్వితే వేర్లు కుళ్ళిపోతాయి. చెట్లు కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది కాబట్టి ఉద్యోగం మానేసి రేపే పొలానికి పోతా అనే తొందర కూడా వద్దు. 2002లో హోంగ్రెన్ 12 సూత్రాలతో ఒక పుస్తకం రాశారు. అందులో మొదటి సూత్రమే గమనించడం గురించి. చిన్నగా, నెమ్మదిగా చేయమని ఇంకో సూత్రం.

నేను చేసింది కూడా చిన్నదే. పుదీనా ఇప్పుడు గది గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోట ఉంది. బియ్యం కడిగిన నీళ్ళు దానికే. పడుకునేటప్పుడు ఫోన్ గదిలో ఆ మూలకి, పుస్తకం దిండు పక్కకి వచ్చాయి. ఇది కూడా జోన్ల లెక్కే.

మీకో పని. ఈ వారం మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఫోన్ చేసి, మన పెరట్లో ఏ చెట్టు ఎక్కడ ఉండేది, ఎందుకు అక్కడే అని అడగండి. ఆ మాటలు రికార్డ్ చేసి పెట్టుకోండి. నాకు ఆ అవకాశం అయిపోయింది. మీలో చాలామందికి ఇంకా ఉంది.

ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.