సివిల్ ఇంజినీరింగ్ డిప్లొమా: అభ్యసన ఫలితాలు

పదో తరగతి తరువాత పాలిసెట్ ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్‌లో చేరేవారు చదివే మూడేళ్ల సాంకేతిక కోర్సు సివిల్ ఇంజినీరింగ్ డిప్లొమా. తెలుగు రాష్ట్రాల్లో దీని పాఠ్యప్రణాళికను, పరీక్షలను ఆయా రాష్ట్రాల సాంకేతిక విద్యా శిక్షణ మండళ్లు చూస్తాయి. డిజైనర్ గీసిన డ్రాయింగుకూ మేస్త్రి కట్టే గోడకూ మధ్య నిలబడి, ఒకదాన్ని రెండోదిగా మార్చించే సాంకేతిక నిపుణుణ్ణి తయారు చేయడం ఈ చదువు పని.

ఇంజినీరింగ్ చదువులకు అంతర్జాతీయంగా మూడు ఒప్పందాలున్నాయి. 1989 నాటి వాషింగ్టన్ ఒప్పందం ఇంజినీర్లకు, 2001 నాటి సిడ్నీ ఒప్పందం టెక్నాలజిస్టులకు, 2002 నాటి డబ్లిన్ ఒప్పందం టెక్నీషియన్లకు సంబంధించినవి. సంక్లిష్ట సమస్యల పరిష్కారాన్ని ఇంజినీరు నుంచి ఆశిస్తే, పద్ధతులు, ప్రమాణాలు ముందే స్థిరపడిన సమస్యలను తప్పు లేకుండా పరిష్కరించడాన్ని టెక్నీషియన్ నుంచి ఆశిస్తారు. మన దేశం 2014లో వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందింది. అది డిగ్రీ కోర్సులకు వర్తిస్తుంది. డిప్లొమాకు జాతీయ గుర్తింపు మండలి (ఎన్‌బీఏ) ఏడు ఫలితాలను నిర్దేశించింది. మౌలిక శాస్త్రజ్ఞానం, సమస్య విశ్లేషణ, డిజైన్ మొదలుకొని పరికరాల వాడకం, పరీక్షలు, సమాజం-పర్యావరణం పట్ల బాధ్యత, పనుల నిర్వహణ, జీవితాంతం నేర్చుకోవడం దాకా అందులో ఉన్నాయి. జాబితా బాగానే ఉంది. అయితే ఈ ఫలితాలు వచ్చాయో లేదో తేలేది సైటులోనే.

సర్వేయింగ్‌లో విద్యార్థి లెవెల్, టోటల్ స్టేషన్ వాడటం నేర్చుకుంటాడు. బ్యాక్‌సైట్ల మొత్తం నుంచి ఫోర్‌సైట్ల మొత్తం తీసివేస్తే చివరి ఎత్తుకూ మొదటి ఎత్తుకూ ఉన్న తేడా రావాలి. లెక్క సరిపోయిందని చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆ తనిఖీ పట్టుకునేది కూడికల తప్పునే. స్టాఫ్ మీద 1.345ను 1.435గా చదివితే దానికి తెలియదు. ఎత్తు ముందే తెలిసిన బెంచ్‌మార్కు దగ్గరికి మళ్లీ వచ్చి లెవెలింగ్ ముగించినప్పుడే అలాంటి తప్పు బయటపడుతుంది. ఈ అలవాటు పడినవాడికే సర్వే వచ్చినట్టు.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష కాంక్రీటు. భారతీయ ప్రమాణం ఐఎస్ 456:2000 ప్రకారం తీవ్రత లేని వాతావరణంలో కూడా ఇనుప కడ్డీలున్న కాంక్రీటుకు (ఆర్‌సీసీకి) నీరు-సిమెంటు నిష్పత్తి 0.55 దాటకూడదు. అంటే 50 కిలోల బస్తాకు 27.5 లీటర్లు, ఇసుకకు అంటిన తడి కూడా ఈ లెక్కలోదే. కాంక్రీటు గట్టిగా ఉంది, సాగడం లేదని ఇంకో బకెట్ నీళ్లు పోయబోతారు పనివాళ్లు. ఆ బకెట్‌తో పని తేలికవుతుంది, బలం తగ్గుతుంది. అప్పుడు డిప్లొమా చదివినవాడు 300 మి.మీ. ఎత్తున్న స్లంప్ కోన్ తెప్పించి, పొరపొరకూ 25 సార్లు కడ్డీతో పొడిచి, కోన్ లేపి, కాంక్రీటు ఎంత జారిందో కొలిచి, అవసరమైతే పోత ఆపించగలగాలి. స్లాబులో 30 ఘనపు మీటర్లు పోస్తే మూడు నమూనాలు తీయాలి. ఒక్కో నమూనాకు 150 మి.మీ. క్యూబులు మూడు చేసి, 28 రోజుల తరువాత పరీక్షించాలి. మేస్త్రికన్నా వయసులో ఎంతో చిన్నవాడైన కుర్రాడు మర్యాద తప్పకుండా, మాట మీద నిలబడి ఇదంతా చేయించాలి. భావవ్యక్తీకరణ నైపుణ్యమంటే సెమినార్‌లో మాట్లాడటంకన్నా ముందు ఇదే.

డ్రాయింగు చదివి కడ్డీల పట్టిక తయారు చేయడం మరో ముఖ్య ఫలితం. కడ్డీ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాని వర్గాన్ని 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది; 12 మి.మీ. కడ్డీకి సుమారు 0.89 కిలోలు. వంపులు, అతుకుల పొడవు, కవర్ తెలియకపోతే ఈ సూత్రం ఒక్కటే అక్కరకు రాదు. ఆటోక్యాడ్ నేర్చుకోవడం ఇప్పుడు తప్పనిసరి. తలుపులు, కిటికీల ఖాళీలు తీసివేసి గోడ పరిమాణం కట్టడం ఎస్టిమేషన్‌లో తొలి పాఠం.

ప్రభుత్వ పనుల్లో కొలతల పుస్తకానికి, అంటే ఎం-బుక్‌కు, ప్రత్యేక స్థానం ఉంది. బిల్లు చెల్లించేది అందులోని కొలతలను బట్టే. పూడ్చిన తరువాత పునాది లోతు ఎవరికీ కనిపించదు కనుక, పూడ్చకముందే టేపు పెట్టి, చూసినదే రాయాలి. వృత్తి నీతి అనే పాఠ్యాంశానికి ఇంతకన్నా స్పష్టమైన రూపం లేదు.

కోర్సులో భాగమైన పారిశ్రామిక శిక్షణను కొందరు హాజరు పత్రంగానే చూస్తారు. ఇది విద్యార్థికి జరిగే పెద్ద నష్టం. పైన చెప్పినవన్నీ చేతికి వచ్చేది అక్కడే. డిప్లొమా అర్హతతో తెలంగాణలో అసిస్టెంట్ ఇంజినీర్, ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయ వ్యవస్థలో ఇంజినీరింగ్ అసిస్టెంట్ వంటి ఉద్యోగాలకు పోటీ పడవచ్చు. ఈసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు.