వేసవి సెలవులు – ప్రదర్శనశాలలు

పాఠశాలలకు వేసవి సెలవులు వచ్చిన మరునాటి నుండి ప్రతి ఇంటను ఒక ప్రశ్న పుట్టును: పిల్లలను ఎక్కడికి తీసికొనిపోవలెను? పూర్వము దీనికి సమాధానము సులభముగా దొరకెడిది. అమ్మమ్మగారి ఊరు, మామిడితోట, చెరువుగట్టు, రాత్రివేళ ఆరుబయట పడక, పైన సప్తర్షి మండలము. వీనితోనే సెలవులు గడచిపోయెడివి. నేడు నగరవాసులలో పెక్కుమందికి అట్టి ఊరు లేదు. ఉన్నను పోవుటకు తీరిక లేదు. హైదరాబాదులోని అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతములందు ఈ సంగతి మరింత స్పష్టముగా కనబడును. అమీర్‌పేట వీథులు శిక్షణ కేంద్రముల పేరుపలకలతో నిండియున్నవి. అచట పెక్కుమంది పిల్లలకు సెలవులనగా మరియొక తరగతి.

ఇట్టి నగరమున అమ్మమ్మగారి ఊరికి కొంతవరకైనను బదులు కాగలిగినది ప్రదర్శనశాల. ఏలనన, తాతయు తండ్రియు మనుమడును ఒకే వస్తువు ముందు నిలిచి, ఒకరికి తెలిసినది మరియొకరికి చెప్పుకొను చోటు నగరములో అంతకంటె వేరొకటి అరుదు. తిరుగలిని చూచి అవ్వ చెప్పగలిగిన మాట ఏ పాఠ్యపుస్తకములోను ఉండదు. చలనచిత్రశాలలో అందరును పక్కపక్కనే కూర్చుందురు గాని మాటాడుకొనరు. ప్రదర్శనశాలలో మాటాడుకొననిదే నడకయే సాగదు.

హైదరాబాదు పెద్దలు ప్రదర్శనశాలను అజాయబ్ ఘర్ అందురు. వింతల ఇల్లు అని దాని అర్థము. ఈ నగరము విషయమున ఆ పేరు అక్షరాల సత్యము. ఇచటి గొప్ప ప్రదర్శనశాల ఒకటి నిజముగా ఒక కుటుంబము వారి ఇల్లే. ఆ ఇంటి తలుపులు తెరచి, ఊరిలోని కుటుంబములన్నిటిని లోనికి పిలుచుటయే మన ప్రదర్శనశాలల చరిత్రలో ముఖ్య ఘట్టము.

మొదట పబ్లిక్ గార్డెన్సు సంగతి చెప్పుకొందము. నిజాము ప్రభుత్వము 1914లో పురావస్తు శాఖను స్థాపించి, గులాం యజ్దానీని దానికి అధిపతిగా నియమించెను. అజంతా గుహలలోని వర్ణచిత్రములు రాలిపోకుండ కాపాడుటకు ఇటలీ దేశపు నిపుణులను రప్పించిన కాలమది. ఆ శాఖ సేకరించిన శిల్పములు, శాసనములు, నాణెములు, ఆయుధములు 1930లో పబ్లిక్ గార్డెన్సులోని భవనమున ప్రజల దర్శనమునకు వచ్చినవి. అజంతా చిత్రముల ప్రతులను కూడ అచట చూడవచ్చును. కాని పిల్లలను అడిగినచో మొదట చెప్పునది ఈజిప్టు మమ్మీ. వేల యేండ్లనాడు నైలునదీ తీరమున జీవించిన మనిషి ఎదుట నిలిచినపుడు పిల్లవానికి కలుగు నిశ్శబ్దము చరిత్ర పాఠములలో మొదటిది.

ఆ తోట అప్పుడు ప్రదర్శనశాల మాత్రమే కాదు. నగరపు జంతుప్రదర్శనశాలయు అచటనే యుండెను. నెహ్రూ జంతుప్రదర్శనశాల 1963లో మీరాలం చెరువు చెంత ఆరంభమైన పిదప జంతువులు అచటికి తరలిపోయినవి. అంతవరకు ఒకే సాయంకాలము సింహమును, శిల్పమును, పచ్చిక బయలును చూచి కుటుంబములు ఇంటికి మరలెడివి. జంతువులు పోయినను పిల్లలు మాత్రము పోలేదు. ఆ తోటలోని జవహర్ బాలభవనమున వేసవి వచ్చినదనగా సంగీతము, నృత్యము, చిత్రలేఖనము నేర్చుకొను పిల్లలతో సందడి నెలకొనును.

ఇక సాలార్‌జంగు ప్రదర్శనశాల. మూడవ సాలార్‌జంగు, మీర్ యూసుఫ్ అలీ ఖాన్, 1889లో జన్మించి, 1912 మొదలు 1914 వరకు దివానుగా పనిచేసెను. పదవి విడిచిన పిమ్మట ఆయన జీవితమంతయు వస్తుసేకరణకే వినియోగమైనది. కొన్ని వస్తువులు తాతగారి నాటివే. మేలిముసుగులోని ముఖము సైతము కనబడునట్లు బెంజోనీ అను ఇటలీ శిల్పి పాలరాతిలో చెక్కిన రెబెకా విగ్రహమును మొదటి సాలార్‌జంగు 1876లో రోము నగరమున కొనెను. మనుమడు ఆ సంపదను అనేక రెట్లు పెంచెను. 1949లో ఆయన సంతానము లేకయే మరణించెను.

అప్పుడు ఆ వస్తువులు ఏమి కావలెను? పంచుకొనవచ్చును, వేలము వేయవచ్చును. అట్టి సేకరణలు చెదరిపోయిన ఉదంతములు దేశదేశములలో ఎన్నియో కలవు. ఇచట అట్లు జరుగలేదు. వస్తువులను ఆయన నివసించిన దివాన్ దేవిడీలోనే అమర్చి ప్రదర్శనశాలగా మార్చిరి. 1951 డిసెంబరు 16వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ దానిని ప్రారంభించెను. 1961లో పార్లమెంటు చట్టము చేసి దానికి జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా గుర్తింపు నొసగినది. 1968లో మూసీనది దక్షిణపుటొడ్డున కట్టిన నూతన భవనమునకు అది తరలినది. దివాన్ దేవిడీ నేడు దాదాపు కనుమరుగైనది; కాని దాని తలుపులు తెరచుకొన్నందుననే దానిలోని సంపద మిగిలినది.

ఆ ప్రదర్శనశాలలో గంట గంటకు జరుగు చిన్న ఉత్సవమొకటి కలదు. పాత గడియారమునుండి గడ్డముగల బొమ్మ యొకటి వెలుపలికి వచ్చి, ఎన్ని గంటలైనవో అన్నిమార్లు గంట మ్రోగించి లోనికి పోవును. మధ్యాహ్నము పన్నెండు గంటలకు ముందే జనులు గుమిగూడుదురు. వేసవిలో ఆ గుంపు మరింత పెద్దది. వరంగల్లు నుండి, గుంటూరు నుండి వచ్చినవారు, నగరవాసులు, చంకలో బిడ్డలతో తల్లులు, అందరును తలలెత్తి ఒకే బొమ్మకొరకు నిరీక్షింతురు. ఇంత విభిన్నులైన జనులను ఇంత నిశ్శబ్దముగా ఒకచోట నిలుపగలది మరి యేది?

వేసవిలో ఆ సంస్థ పిల్లలకు చిత్రలేఖన శిబిరములు నడుపుట కూడ పరిపాటి. చూచిన దానిని గీయమన్నపుడే పిల్లవాడు నిజముగా చూచును. అంతర్జాతీయ ప్రదర్శనశాలల దినము 1977 నుండి ఏటేట మే 18వ తేదీన జరుగుచున్నది. అది మనకు నడివేసవి, సెలవుల నడిమి దినము. ఇతర దేశములకు అది ఒక తేదీ. మనకు అది అనుకూలమైన ముహూర్తము.

సాలార్‌జంగు వారి సేకరణకు తరువాతి తరమున విజ్ఞాన ప్రదర్శనశాలలు తోడైనవి. నౌబత్ పహాడ్ మీద బిర్లా తారామండలము 1985లో వెలసినది. విజ్ఞాన ప్రదర్శనశాల 1990లో చేరినది. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి వద్ద త్రవ్వకములలో లభించిన కోటసారస్ అను రాక్షసిబల్లి అస్థిపంజరమును అచట నిలిపియున్నారు. మన నేలలోనే అట్టి జంతువు సంచరించెనని తెలిసినప్పుడు పిల్లల కన్నులలో వెలుగు చూడవలెను. అమీర్‌పేటలో మెట్రో రైలు ఎక్కినవారు బండి మారకుండ పంజగుట్ట, ఎర్రమంజిల్, ఖైరతాబాదు, లకడీకాపూల్ దాటి అసెంబ్లీ స్టేషనులో దిగినచో తారామండలమునకును, పబ్లిక్ గార్డెన్సుకును సమీపమునకు చేరుదురు. ఎండ తగులకుండ సాగు ప్రయాణము ఇది.

కాని అమీర్‌పేట, పంజగుట్ట కుటుంబములు వింతల కొరకు ఇంత దూరము పోవుచుండగా, వారి ఇండ్లకు కూతవేటు దూరముననే రెండు వింతల ఇండ్లు తలుపులు మూసికొనియున్నవి. నేటి ప్రసంగమునకు ముఖ్యోద్దేశము వానిని జ్ఞాపకము చేయుటయే.

మొదటిది నిజామియా వేధశాల. నవాబు జఫర్ జంగు అను సైనికాధికారి ఇంగ్లండు నుండి 15 అంగుళముల దూరదర్శిని తెప్పించి, 1901లో ఫిసల్‌బండలోని తన స్థలమున వేధశాలను నెలకొల్పి, దానికి నిజాము పేరు పెట్టుటకు అనుమతి కోరెను. 1907లో ఆయన మరణించగా మరుసటి యేడు ప్రభుత్వమే వేధశాలను చేపట్టినది. ఛాట్‌వుడ్ అను ఆంగ్లేయుడు తొలి సంచాలకుడై, దానిని బేగంపేట అమీర్‌పేటల నడుమనున్న నేటి స్థలమునకు మార్చెను. ఒక సరదారుని వేడుక ఈ విధముగా ప్రజాసంస్థ అయినది.

అంతకుముందే, 1887లో, పారిసు నగరమున చేరిన ఖగోళ శాస్త్రజ్ఞులు ఆకాశమునంతను ఛాయాచిత్రములలో బంధించి నక్షత్రముల పట్టిక తయారు చేయ సంకల్పించిరి. ఆకాశమును పట్టీలుగా విభజించి దేశదేశముల వేధశాలలకు పంచిరి. చిలీ దేశపు శాంటియాగో వేధశాలకు చేరిన పట్టీ అచట సాగకపోవుటచే హైదరాబాదునకు వచ్చినది. అది ఖగోళ మధ్యరేఖకు దక్షిణమున 17 అంశల నుండి 23 అంశల వరకు గల భాగము. పిమ్మట జర్మనీ దేశపు పోట్స్‌డామ్ వేధశాల వంతులోని ఉత్తరాకాశ భాగము కొంత కూడ ఇచటివారే పూర్తి చేసిరి.

ఆ పని ఎంత ఓపికతో కూడినదో ఊహింపుడు. రాత్రి గాజుపలక మీద ఆకాశమును పట్టవలెను. పగలు ఆ పలక మీది ప్రతి చుక్కను సూక్ష్మదర్శినితో చూచి, అడ్డము నిలువు కొలతలు తీసి, పుస్తకమున వ్రాయవలెను. 1918లో సంచాలకుడు పోకాక్ మరణించగా టి. పి. భాస్కరన్ ఆ బాధ్యత వహించి, 1944 వరకు నడపెను. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయమున చేరినది. ఈ విధముగా నాలుగు లక్షలకు మించిన నక్షత్రముల స్థానములు అమీర్‌పేట చెంత లెక్కకు వచ్చినవి. ఆ కొలతలు నిరుపయోగము కాలేదు. నక్షత్రములు మెల్లమెల్లగా కదలుటను గుర్తించుటకు నూరేండ్లనాటి స్థానములు నేటివారికి ఎంతయు అవసరము.

నగరము పెరిగినది, వీథిదీపముల వెలుగులో చుక్కలు వెలవెలబోయినవి. 1968లో 48 అంగుళముల కొత్త దూరదర్శినిని జపాల్ రంగాపూర్ వద్ద చీకటి గల చోట నిలిపిరి. పాత వేధశాల ఆవరణమున నేడు ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రము పనిచేయుచున్నది. నక్షత్రములను లెక్కించిన గుండ్రని గోపురము చిరకాలముగా ఆదరణ లేక నిలిచియున్నది. ఆ దారిన పోవు విద్యార్థులలో అది ఏమిటో ఎరిగినవారు ఎందరు?

రెండవది ఎర్రమంజిల్. పంజగుట్ట ఖైరతాబాదుల నడుమ ఎత్తుమీద నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ప్రాసాదమిది. ఆ గుట్టను తెలుగువారు ఎర్రగుట్ట అనుటచే, దానికి సరిపడునట్లు పారసీకమున స్వర్గోద్యానమను అర్థమిచ్చు ఇరం అను మాటను చేర్చి ఇరం మంజిల్ అనిరని చెప్పుదురు. ఒకే పేరులో రెండు భాషలు ఇంత చక్కగా కలిసిన చోటు మరియొకటి దొరకుట కష్టము. ఆ భవనము పిమ్మట ప్రభుత్వ కార్యాలయములకు నెలవైనది. 2019లో దానిని కూల్చి శాసనసభా భవనము కట్టుటకు ప్రభుత్వము నిశ్చయించెను. ఆ యేడు సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసినది. గోడలు నిలిచినవి. కాని నిలుచుట వేరు, జీవించుట వేరు. తీర్పు కూల్చుటను ఆపగలదు. లోనికి పిల్లలను పిలువజాలదు.

ఏ కట్టడమునకైనను ఉత్తమమైన రక్షణ దానిని చూచినవారి జ్ఞాపకము. చిన్ననాట తండ్రి వ్రేలు పట్టుకొని సాలార్‌జంగు గడియారము చూచినవాడు పెద్దవాడై దానిని పాడుకానీయడు. నిజామియా గోపురమును చూడనివానికి దానిపై మమకారము ఎట్లు కలుగును? గోపురమును బాగుచేసి, పాత గాజుపలకలను, కొలతపుస్తకములను అందు చూపి, వేసవి సాయంకాలములందు కుటుంబములను ఆహ్వానించినచో అమీర్‌పేటకు తనదైన వింతల ఇల్లు లభించును. వెలుగు ఎక్కువైనను చంద్రుని, గురుగ్రహమును, శనివలయమును నగరము నడుమ నుండియే చిన్న దూరదర్శినితో చూడవచ్చును. ఎర్రమంజిలులో ఒక్క గదియైనను ఆ ఇంటి కథకు, ఈ ప్రాంతపు కథకు కేటాయింపవచ్చును. ఇందుకు కావలసినది ధనము కంటె ముందు సంకల్పము.

శ్రోతలలో తల్లిదండ్రులైనవారికి ఒక మనవి. ఈ వేసవిలో పిల్లలను ప్రదర్శనశాలకు తీసికొనిపొండు. శుక్రవారము సాలార్‌జంగు ప్రదర్శనశాలకు సెలవని మరువకుడు. ఒక్క పూటలో అన్నియు చూడవలెనని తొందరపడకుడు. నాలుగు వస్తువులు చాలును. ఇంటిలో పెద్దలున్నచో వారిని వెంట తీసికొనిపొండు. వివరించు పనిని వారికే వదలుడు. మరలి వచ్చునపుడు అమీర్‌పేట పంజగుట్టల చెంత, పేరు తెలియని ఆ గోపురమును, గుట్టమీది ఆ ప్రాసాదమును పిల్లలకు చూపి, వాని కథ చెప్పుడు. "లోపలికి ఎందుకు పోరాదు?" అని వారు తప్పక అడుగుదురు. ఆ ప్రశ్న ఎన్ని ఇండ్లలో పుట్టునో, ఆ తలుపులు తెరచు దినము అంత దగ్గరగును.