పడుగు కింద పోగు

ఎమ్మిగనూరులో మగ్గం చప్పుడు వింటూ పెరిగిన పిల్లలకు ఇంగ్లీషు మాటలు బట్టీ పట్టించనక్కర్లేదు. నేయడాన్ని లాటిన్‌లో 'టెక్సెరె' అంటారు. టెక్స్‌టైల్ అందులోంచే వచ్చింది, బళ్లో చదివే టెక్స్ట్ కూడా. 'కాన్' అంటే కలిపి. చుట్టూ ఉన్న మాటలతో కలిపి నేస్తే కాంటెక్స్ట్. 'ప్రి' అంటే ముందు. అసలు సంగతి కనబడకుండా ముందు నేసి దించిన తెర ప్రీటెక్స్ట్, అంటే మన సాకు. నాకు అన్నిటికన్నా ముచ్చటైంది సటిల్. 'సబ్' అంటే కింద, 'టేలా' అంటే మగ్గం మీది నేత. పడుగు కిందుగా దూరిపోయే సన్నపోగు అన్నమాట. కంటికి ఆనదు, వేలికి తెలుస్తుంది.

1938లో మాచాని సోమప్ప ఇక్కడ పెట్టిన నేతకారుల సంఘం పేరునూ ఇలాగే విడగొట్టి చూడండి. కో-ఆపరేటివ్, సహకార. 'కో'కు 'సహ', 'ఆపరే'కు 'కార', అచ్చుగుద్దినట్టు.

ఈ పద్ధతి మనకేం కొత్త? ధాతువుకు ఉపసర్గ తగిలించి ఆహారం, విహారం, సంహారం అని విడగొట్టడం మన వ్యాకరణం ఏనాడో నేర్పింది. తెలుగు నేర్చుకోడానికి వచ్చిన దొరలూ ధాతువులనే పట్టుకున్నారు. దొరలకు తెలుగు నేర్పే మద్రాసు కాలేజీలో పండితుడు పట్టాభిరామశాస్త్రి కూర్చిన తెలుగు ధాతువుల పట్టిక ఎల్లిస్ అనే దొరకు అక్కరకొచ్చింది. తెలుగు సంస్కృతంలోంచి పుట్టలేదని దాని సాయంతో వాదించాడు. ఆ వాదం 1816లో క్యాంప్‌బెల్ అనే మరో దొర రాసిన తెలుగు వ్యాకరణంలో, ముందుమాటకు వివరణగా అచ్చయింది.

అయితే మాటను విడగొట్టే ఈ కిటుకు అన్నిచోట్లా పారదు. మా పక్కనున్న ఆదోని పత్తి యార్డులో బోరాలకొద్దీ దిగే కాటన్‌లో 'కో' ఉపసర్గ కాదు. అది అరబ్బుల 'ఖుత్న్'. అంకుల్‌లో 'అన్' కూడా అంతే.

గింజ వేరుచేసే జిన్నింగు మిల్లులో మాత్రం పారుతుంది. జిన్ అంటే ముందుభాగం తెగిపోయిన ఇంజిన్. దాని మూలం లాటిన్ 'ఇంజెనియం', పుట్టుకతో వచ్చిన తెలివి. వాడుకలో 'ఇన్' అనే ఉపసర్గ రాలిపోయి ధాతువు మిగిలింది. 'జెన్', మన జననంలో ఉన్న 'జన్'కు చుట్టం.