దుగ్గిరాల లాకుల నుంచి నిజాంపట్నం రేవు దాకా

కొమ్మును రెండు చేతులా పట్టుకుని విరుస్తారు. పుటుక్కున చప్పుడు రావాలి. మెత్తగా వంగిందంటే కల్లంలో ఇంకో నాలుగు రోజులు ఎండాల్సిన సరుకన్నమాట. విరిగిన చోట రంగు చూస్తారు, వాసన చూస్తారు. ధర మాట ఆ తర్వాతే. దుగ్గిరాల పసుపు యార్డులో సరుకు చూసే పద్ధతి ఇది. నిజామాబాద్, ఈరోడ్, సాంగ్లీ మార్కెట్ల వరసలో వినిపించే పేరు దుగ్గిరాలది. పేపర్లో రేట్లు చదివేవాళ్లకి ఈ ఊరు ‘కొమ్ములు, కాయలు’ అనే రెండు మాటలతోనే పరిచయం. పక్కలకు వేళ్లలా సాగినవి కొమ్ములు, మధ్యలో ఉండే గుండ్రటి తల్లిదుంపలు కాయలు.

సెలవు దొరికితే సూర్యలంక సముద్రానికి పరిగెత్తే జనం ఈ ఊరు దగ్గర ఆగరు. ఆగితే చూడ్డానికి ఏముందంటారా? మాఘ ఫాల్గుణాల్లో వస్తే పసుపు కల్లాలున్నాయి. వేసవిలో నాటిన దుంపను సంక్రాంతి దాటాకే తవ్వుతారు. దాదాపు తొమ్మిది నెలల పంట. దుగ్గిరాల అన్నది ఊరి పేరే కాదు, ఓ పసుపు రకం పేరు కూడా. తవ్విన దుంపను ముందు ఉడకబెట్టాలి. ఒకప్పుడు పొలంలోనే పెద్ద ఇనప బానలు పెట్టి, పైన పసుపాకు కప్పి ఉడికించేవారు. ఇప్పుడు ఆవిరి బాయిలర్లు వచ్చాయి. ఉడికిందో లేదో తేల్చేది మాత్రం ఇప్పటికీ గుచ్చి చూసే పుల్లే. ఆపైన రెండు వారాల ఎండ, డ్రమ్ములో వేసి తిప్పే మెరుగు. ఇంతా చేస్తే ఐదు బస్తాల పచ్చి దుంపకు దక్కేది సుమారు ఒక బస్తా పసుపు. కల్లంలో ఉండగా వాన పడిందా, రైతు గుండె జారిపోతుంది.

జాతీయ పసుపు బోర్డు 2025 సంక్రాంతి నాడు నిజామాబాద్‌లో మొదలైంది. దుగ్గిరాలలో ఎవరైనా కాస్త చిన్నబుచ్చుకుంటే తప్పుపట్టలేం.

ఈ పచ్చదనమంతా కాలువ పెట్టిన భిక్ష. 1832–33 నాటి నందన కరువులో గుంటూరు ప్రాంతంలో 5 లక్షల జనాభాకు 2 లక్షల మంది పోయారని కంపెనీ వారి లెక్క. పక్కనే కృష్ణ పారుతుండగా జరిగిన ఘోరమిది. ఆర్థర్ కాటన్ ఒత్తిడితో, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో బెజవాడ ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో ముగిసింది. సీతానగరం దగ్గర మొదలయ్యే పడమటి కాలువ దుగ్గిరాల లాకుల దాకా వచ్చి అక్కడ పాయలవుతుంది. కొమ్మమూరు కాలువ పెదగంజాం దాకా సాగి బకింగ్‌హామ్ కాలువను కలుస్తుంది. అంటే ఒకప్పుడు దుగ్గిరాలలో పడవెక్కినవాడు మద్రాసులో దిగగలిగేవాడు. గాలి అనుకూలిస్తే తెరచాప, లేదంటే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం. 1899లో బెజవాడ నుంచి మద్రాసు దాకా రైలు నడిచాక పడవల వైభవం మెల్లగా తగ్గింది.

తెనాలి మధ్య నుంచి మూడు కాలువలు పారతాయి. ఆంధ్రా ప్యారిస్ అన్న బిరుదుకు అదొక కారణమైతే, నాటకం మరో కారణం. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా, రోషనారాగా రాణించింది తెనాలి రంగస్థలం మీదే. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇక తినే సంగతికొస్తే, తెనాలిలో అడగాల్సింది బెల్లం జిలేబీ. పంచదార జిలేబీలా నిగనిగలాడదు, నల్లగా ఉంటుంది. వేడిగా నోట్లో పడితే చక్కెర పాకం చప్పగా తోస్తుంది. (ఇందులో రచయిత పక్షపాతం కొంత ఉంది.)

వరి కోతకు నాలుగు రోజుల ముందు, చేను నిలబడి ఉండగానే తడి నేలలో మినుములు చల్లేయడం డెల్టా రైతు పాత ఎత్తు. సున్నుండకు, మినపట్టుకు పునాది అక్కడ పడుతుంది.

బాపట్ల పేరు చెబితే భావనారాయణస్వామి గుడి, 1913లో జరిగిన తొలి ఆంధ్ర మహాసభ గుర్తొస్తాయి. అన్నం ఎవరికీ గుర్తు రాదు. దుకాణంలో ‘బీపీటీ’ అని అడిగి కొనే సన్నబియ్యం ఉన్నాయే, అందులో బీపీటీ అంటే బాపట్లే. 1945లో వ్యవసాయ కళాశాల పెట్టిన ఊరది. అక్కడ రూపుదిద్దుకున్న బీపీటీ 5204, అదే సాంబ మసూరి, 1986లో విడుదలైంది. హైదరాబాద్‌లో పెళ్లి భోజనమైనా, డాలస్‌లో రాత్రి భోజనమైనా విస్తట్లో ఆ ఊరి పేరుంటుంది, చదివేవాళ్లుంటే.

రేపల్లె దాటి సముద్రం వైపు వెళ్తే నిజాంపట్నం. ఐరోపావాళ్ల కాగితాల్లో ఇది పెటపోలి. డచ్చివాళ్లు 1606లోనే ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ పులికాట్‌లో డచ్చివాళ్లు పొమ్మంటే ఇటు వచ్చి, ఆ తర్వాత మచిలీపట్నం వెళ్లింది. వాళ్లను ఇక్కడికి లాగినవాటిలో ఓ వేరు కూడా ఉంది. చిరివేరు. తీరం ఇసకలో పెరిగే ఆ చిన్న మొక్క వేరు నుంచే కలంకారీ అద్దకాల ఎరుపు వచ్చేది. కృత్రిమ రంగులొచ్చాక వేరు తవ్వేవాళ్లకు పనిపోయింది. లోపలి ఊళ్లలో పసుపు మాత్రం నిలిచింది, కూరలో పడేది గనక.

ఇప్పుడు నిజాంపట్నం హార్బరులో బోట్లు ఒడ్డుకు రాగానే రొయ్యలు ఐసు పెట్టెల్లోకి, అక్కడి నుంచి లారీల్లోకి వెళ్లిపోతాయి. ఊళ్లో మిగిలిన చేపకు ముందు పసుపు, ఉప్పు పట్టిస్తారు. చింతపండు పులుసు కాగాక ముక్కలు జారవిడిచి, గరిటె పెట్టకుండా గిన్నెను రెండు చెవులా పట్టి తిప్పుతారు. పొద్దున వండితే రాత్రికి, రాత్రి వండితే మర్నాటికి రుచి. సూర్యలంక చూసి చీకటి పడకముందే తిరుగు ప్రయాణం కట్టేవాళ్లకి ఆ మర్నాటి పులుసు దొరకదు.