నిషేధింపబడిన గొంతు

ఘాతుకులకు ప్రచారమే ప్రాణవాయువనియు, దానిని వారికందనీయరాదనియు 1985లో బ్రిటిషు ప్రధాని మార్గరెట్ థాచరు పలికెను. ఉత్తర ఐర్లండు కలహములు సాగుచుండగా 1988 అక్టోబరులో ఆమె ప్రభుత్వము, ఐరిషు రిపబ్లికను సైన్యము, షిన్ ఫేను మొదలగు 11 సంస్థల ప్రతినిధుల కంఠములు రేడియో, టెలివిజనులలో వినబడరాదని శాసించెను. విచిత్రమేమన, మాటలు నిషిద్ధములు గావు, గొంతు మాత్రమే! షిన్ ఫేను నాయకుడు జెర్రీ ఆడమ్సు పెదవులు కదలుచుండ, నటుడొకడు ఆతని పలుకులనే చదివెడివాడు. పత్రికలకీ కట్టడి లేనేలేదు.

బాంబు ప్రేలినపుడు ఆ వార్తను ఎన్ని దినములు, ఎంత గగ్గోలుతో చాటవలెనను విషయమును శాసనము ముట్టనేలేదు. జనులలో భయమును నాటునది ఆ గగ్గోలేగాని నాయకుని కంఠస్వరము గాదని మా తలంపు. పైగా ఆ సంస్థలవారిని విలేఖరులు ముఖాముఖి నిలదీయుటయు తగ్గెను. ఐరిషు సైన్యము కాల్పుల విరమణ ప్రకటించిన పిమ్మట, 1994 సెప్టెంబరులో, జాన్ మేజరు ప్రభుత్వము ఆ శాసనమును రద్దుగావించెను.